ఇందిరమ్మలో అమ్మ ఎంత?

మన దేశంలో రాజకీయాల్లోకి దిగదలచిన ఆడది ముందుగా చెయ్యవలసిన పని ఒకటుంది. తల్లి కావడం. కడుపున పిల్లల్ని కనాలని కాదు సుమండీ! ఆ మాటకొస్తే కనకపోయినా నష్టం లేదు. తమిళనాట జయలలితగారికి పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. అయినా కోట్లమందికి ‘అమ్మ’ అయ్యారు. 2013లో అమ్మ హోటలు వచ్చింది, అమ్మ మంచినీళ్ల సీసా వచ్చింది. తర్వాత అమ్మ ఉప్పు, అమ్మ సిమెంటు కూడా వచ్చాయి. సిమెంటుకీ మాతృత్వానికీ సంబంధమేమిటని ఎవరూ అడిగినట్టు లేదు.

తల్లి కావడానికి వయసు చాలకపోతే అక్కో చెల్లెలో కావాలి. బెంగాల్లో ‘దీదీ’, ఉత్తరప్రదేశ్‌లో ‘బెహన్‌జీ’, మన చేవెళ్లలో ‘చెల్లెమ్మ’. మొత్తంమీద ఏదో ఒక వరస కలవాలి. వరస కలవని ఆడదానికి ఓటెయ్యడం మనకింకా చేతకాలేదు.

మగవాళ్లకీ వరసలున్నాయి కదా అంటారు. నిజమే. రామారావుగారు ‘అన్న’గానే వచ్చారు. కానీ మగవాడు వరస లేకపోయినా బతికేస్తాడు. ‘సారు’ అంటే సరిపోతుంది. ‘పెద్దాయన’ అంటే ఇంకా బాగుంటుంది. ఇంటిపేరుతో పిలిచినా గౌరవంగానే వినిపిస్తుంది. ఆడమనిషి గడప దాటి వచ్చిందంటే మాత్రం ఆ గడపని కూడా వెంట పట్టుకు రమ్మంటాం. వేదిక మీద నిలబడి ప్రాజెక్టుల లెక్కలు చెబుతున్నా సరే, ఆవిడ చీర కొంగులో వంటింటి తాళాలు కనపడితేగానీ మన మనసు కుదుటపడదు.

పూర్వం ఇంకో తీరు ఉండేది. కాకతీయుల నాటి శాసనాల్లో రుద్రమదేవిని ‘రుద్రదేవ మహారాజు’ అని రాసుకున్నారు. పదమూడో శతాబ్దంలో రాజ్యం ఏలాలంటే ఆడది మగవాడు కావలసి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దానికి తల్లయితే చాలునన్నారు. ఏడువందల ఏళ్లలో మనం నడిచిన దూరం అంతే. తక్కువేం కాదు లెండి. అయితే ఈ రెండు వేషాలకీ పోలిక ఒకటుంది. రెండింట్లోనూ ఆ మనిషి ఉన్నది ఉన్నట్టుగా గద్దె ఎక్కడానికి వీల్లేదు.

ఈ వేషం సంగతి మాట్లాడే హక్కు మా సంగారెడ్డి వాళ్లకి మిగతా వాళ్లకన్నా రవంత ఎక్కువ. ఎందుకంటే ఈ దేశపు అతి పెద్ద అమ్మకి మేం ఓటేశాం. 1980 జనవరి ఎన్నికల్లో ఇందిరాగాంధీగారు రాయబరేలీలోనూ, మెదక్‌లోనూ నిలబడ్డారు. ఇక్కడ జనతా అభ్యర్థిగా నిలబడ్డ జైపాల్‌రెడ్డిగారు ఓడిపోయారు. ఆమె రెండుచోట్లా నెగ్గి, రాయబరేలీ వదులుకుని మెదక్ ఉంచుకున్నారు. అప్పటి మెదక్ జిల్లాకి కేంద్రం మా సంగారెడ్డే. 1984 అక్టోబరు 31న ఆమె హత్యకు గురైన నాటికి మా పార్లమెంటు సభ్యురాలిగానే ఉన్నారు. అందుకని మా వైపు ఇప్పటికీ ఆమె పేరు ఇంట్లో మనిషి పేరులా వాడుకలో ఉంటుంది. ఇందిరాగాంధీ అని ఎవరూ అనరు. ఇందిరమ్మ.

ఈ ‘అమ్మ’ మొదట్నుంచీ ఉన్నది కాదు. 1966లో ఆమె ప్రధానమంత్రి అయిన కొత్తలో లోహియాగారు ఆమెను ‘గూంగీ గుడియా’ అన్నారు. అంటే నోరులేని బొమ్మ. ఆ బొమ్మ అమ్మ కావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1969లో కాంగ్రెసు చీలింది. కాడెద్దుల గుర్తు పోయింది. 1971 ఎన్నికల్లో ఆమె కాంగ్రెసుకి వచ్చిన కొత్త గుర్తు ఏమిటో గుర్తుందా? ఆవూ దూడా!

బొమ్మల మీద వ్యాసాలు రాసేవాళ్లు ఎందుకోగాని దీన్ని తగినంతగా పట్టించుకోలేదు. తల్లీబిడ్డల బొమ్మ ఏకంగా ఓటు కాగితం మీదికి ఎక్కింది. గోడమీద దూడ పాలు తాగుతూ ఉంటుంది, ఆవు దాని వైపు చూస్తూ ఉంటుంది. చదువురాని వాడికి కూడా అర్థమయ్యే భాష. దేశం దూడ, ఆవిడ ఆవు. దీనికి తోడు ఆ ఏడే బంగ్లాదేశ్ యుద్ధం గెలిచాం. ఇక దుర్గ అన్నారు, శక్తి అన్నారు. హుస్సేన్‌గారు దుర్గగా బొమ్మలే గీశారు. బొమ్మ అమ్మయింది, అమ్మ అమ్మవారయింది.

కానీ ఆవూ దూడల గుర్తుతో చిక్కొకటుంది. ఆ దూడ దేశమే కావాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఎమర్జెన్సీ వచ్చింది. సంజయ్‌గాంధీ మాట చెల్లుబడి అయింది. కుటుంబ నియంత్రణ పేరుతో లక్షలమందికి ఆపరేషన్లు చేశారు, అందులో బలవంతానివి ఎన్నో. 1977 ఎన్నికలొచ్చేసరికి జనం ఆ గుర్తుకి కొత్త తాత్పర్యం చెప్పుకున్నారు. ఆవు ఇందిర, దూడ సంజయ్! అంతే. ఏ బొమ్మ ఆమెని గద్దె ఎక్కించిందో, ఉత్తరాదిలో అదే బొమ్మ చూసి నవ్వి కిందికి దించారు. 1978లో కొత్త పార్టీతో పాటు హస్తం గుర్తు వచ్చింది. చేతికి పిల్లలుండరు, పేచీ లేదు.

దీంట్లో మనం నేర్చుకోవలసింది ఉంది. మాతృత్వాన్ని గుర్తుగా పెట్టుకున్నవాళ్లు రెండు పురాణ పాత్రల మధ్య ఇరుక్కుంటారు. అందరి బిడ్డల్నీ ప్రేమించినంతకాలం కౌసల్య. తన బిడ్డ మీద చూపు నిలిచిందా, కైక. మన ఇతిహాసాల్లో రాజకీయం తెలిసిన తల్లి ఎవరని అడిగితే ముందుగా గుర్తొచ్చేది కైకే కదా! కొడుకుని ముందుకి తోసిన మగ నాయకుల్ని కూడా ధృతరాష్ట్రులని ఆడిపోసుకుంటాం. కాకపోతే ధృతరాష్ట్రుడిది కంటిలోపమని జాలి కూడా పడతాం. కైకకి ఆ జాలి లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ 1977లో మన రాష్ట్రం నవ్వలేదు. 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. నంద్యాలలో సంజీవరెడ్డిగారు ఒక్కరే జనతా తరపున గెలిచారు. అందుకనే కదా 1980లో ఆమె మెదక్ దాకా వచ్చింది! ఇది చూసి ఢిల్లీ పండితులు ఒక తీర్పు చెప్పేశారు. దక్షిణాది వాళ్లు భక్తులు, వాళ్లకి ఆమె అమ్మవారు, బిడ్డలకి లెక్కలు తెలియవు అని. ఇప్పటికీ ఈ మాట రకరకాలుగా వినిపిస్తూనే ఉంటుంది. ఆడవాళ్ల రాజకీయం మీద రాసే విమర్శకులు కూడా, ‘అమ్మ’ అన్న పిలుపు వినపడగానే జనం మత్తులో పడ్డారని తేల్చేస్తారు.

నాకు ఈ తీర్పు నచ్చదు. కారణం మా భాషలోనే ఉంది.

మా వైపు ‘అమ్మ’ అన్న మాటకి కనీసం మూడర్థాలున్నాయి. అన్నం పెట్టే అమ్మ ఒకటి. అందరికీ తెలిసినదే. రెండోది ఊరి పొలిమేర అమ్మ. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ. ఈవిడతో ప్రేమకన్నా భయం ఎక్కువ. వెనుకటికి మశూచికం వస్తే ‘అమ్మవారు పోసింది’ అనేవాళ్లు. ఏటా బోనం పెట్టకపోతే ఊరుకోదు. మూడోది ఉత్తి తోక. రాములు కూతురు రాములమ్మ, సాయమ్మ, మల్లమ్మ, లచ్చమ్మ. పేరు పక్కన పెట్టే మర్యాద. ఉయ్యాలలో ఉన్న పిల్లకీ అదే, ఎనభయ్యేళ్ల అవ్వకీ అదే.

నాయకురాలు వేదికెక్కి మొదటి అమ్మనంటుంది. కార్యకర్తలు నలభై అడుగుల కటౌటు కట్టి రెండో అమ్మని చేస్తారు. ఓటరు మనసులో ఉన్నది చాలాసార్లు మూడోదే!

మా వీధి మొగలో పూలు అమ్ముకునే ముసలమ్మ ఉంది. ఒకనాడు మూర పూలు కొలుస్తుంటే ఊరికే అడిగాను. “అవ్వా, ఇందిరాగాంధీని మీరు అమ్మ అనుకునే ఓటేశారా?” అని.

ఆవిడ నన్ను వింతగా చూసింది. “అమ్మేంది బిడ్డా? మా అమ్మ సదాశివపేటల ఉండె. ఎల్లమ్మ, సాయమ్మ లెక్క ఇందిరమ్మ. పేరున్నంక పిలువాలె గద!”

“మరి ఆవిడ పోయాక?”

“పాపం, ఏడ్సినం. అన్నం ముట్టలే ఆ దినం. మల్ల ఓట్లు వచ్చినయి. సైకిలుకు గుద్దినం. రామారావు రెండ్రూపాలకు కిలో బియ్యం ఇయ్యలేదా?”

పూల బుట్ట ముందర కూచుని ఆవిడ చెప్పిన ఈ నాలుగు ముక్కలు రాజకీయ చరిత్రకి సరిగ్గా సరిపోతాయి. 1984 డిసెంబరులో దేశమంతా సానుభూతి గాలి వీచింది. తల్లి పోయిన కొడుకుని చూసి జనం కాంగ్రెసుకి 400 పైచిలుకు స్థానాలిచ్చారు. మన రాష్ట్రంలో మాత్రం 42లో 30 తెలుగుదేశానికి వెళ్లాయి. అంతకు నాలుగు నెలల ముందే, ఆగస్టులో, రామారావుగారి ప్రభుత్వాన్ని పడగొట్టి నెలరోజులు ఆడించిన సంగతి జనం మరచిపోలేదు. మరి ఆమె సొంత నియోజకవర్గం? మెదక్‌లో కూడా తెలుగుదేశమే గెలిచింది! మాణిక్‌రెడ్డిగారు పార్లమెంటుకి వెళ్లారు. రెండు నెలల క్రితం చనిపోయిన ‘అమ్మ’ ఊళ్లో, ‘బిడ్డలు’ కన్నీళ్లు తుడుచుకుని లెక్క చూసుకుని ఓటేశారు.

ఏడవడం వేరు, ఓటెయ్యడం వేరు అని తెలిసిన జనాన్ని పట్టుకుని మత్తులో ఉన్నారంటే ఎలా?

అయితే అమ్మ వేషంతో నష్టమే లేదా అంటే, ఉంది. ఓటు దగ్గర జనం జాగ్రత్తగానే ఉన్నారు. జ్ఞాపకం దగ్గరే మోసపోతున్నాం.

రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా బస్సులో వస్తూ ఎవర్నడిగినా చెబుతారు. ఈ ఫ్యాక్టరీలన్నీ ఇందిరమ్మ ఇచ్చినవేనని. ఎద్దుమైలారం ఆర్డినెన్సు ఫ్యాక్టరీ 1984 నాటిది. సరే, అది ఆమె లెక్కలో వేద్దాం. ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరు వచ్చింది. అది అంతర్జాతీయ సంస్థ, ఇందులో చాలామంది చెయ్యి ఉంది. ఇక బీహెచ్‌ఈఎల్ సంగతి. ఆమె ప్రధాని కాకముందే అక్కడ పని మొదలైంది. అయినా ‘ఇందిరమ్మ ఇచ్చింది’ అనే పద్దులో అన్నీ కలిసిపోయాయి. అమ్మ పెట్టిందంటే ఎవరు వండారో, సరుకులు ఎవరు తెచ్చారో అడగం కదా. ఇంజనీర్లు, రైతులు వదులుకున్న భూములు, పన్నులు కట్టిన జనం, అందరూ ఆ ఒక్క మాటలో మాయమైపోయారు.

అదే పద్దులో రెండో పేజీ కూడా ఉండాలిగా? 1980లలోనే పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులో కలిసి వాగు రంగు మారింది. పొలాలు పాడయ్యాయి, బావులు పాడయ్యాయి. రైతులు రోడ్డెక్కారు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ నీళ్లు ఎవరిచ్చారు? దానికి ఏ అమ్మ పేరూ లేదు. ఫ్యాక్టరీ అమ్మ ఇచ్చిన వరం, దాని మురుగు మాత్రం అనాథ!

ఇదీ నా ఫిర్యాదు. అమ్మ ఇచ్చినదానికి రసీదు ఉండదు, ఆడిట్ ఉండదు. ప్రధానమంత్రి ఇస్తే ‘ఎంత ఇచ్చారు, ఎవరికిచ్చారు, ఎవరికి ఇవ్వలేదు’ అని అడగవచ్చు. అమ్మని అలా అడిగితే ‘పాలిచ్చిన రొమ్ము గుద్దుతావా’ అంటారు.

తమాషా ఏమిటంటే, ఈ వేషం వల్ల ఇందిరాగాంధీగారికి కూడా అన్యాయం జరిగింది. ఆమె నిజంగా తల్లుల కోసం చేసిన పనులు కొన్ని ఉన్నాయి. 1975 అక్టోబరు 2న చిన్నపిల్లల పోషణ పథకం మొదలైంది. మన ఊరూరా ఉన్న అంగన్‌వాడీ అప్పుడు పుట్టిందే. 1976లో ఆడవాళ్లకీ మగవాళ్లకీ సమాన వేతన చట్టం వచ్చింది. అదే ఏడు ఫ్యాక్టరీల చట్టంలో ఒక చిన్న అంకె మార్చారు. 1948 నాటి చట్టం ప్రకారం 50 మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట, ఆరేళ్లలోపు పిల్లల కోసం ఒక గది, చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఆ 50ని 30 చేశారు.

ఎమర్జెన్సీ చీకట్లో జరిగిన పనులు కదా ఇవి, అంటారా? నిజమే. అదే ప్రభుత్వం ఒక చేత్తో పిల్లలకి పాలపొడి, ఇంకో చేత్తో తల్లిదండ్రులకి కత్తెర పట్టుకుంది. రెండూ రాయాలి. కానీ ఏ పోస్టరు మీదనైనా మీరు ఈ పిల్లల గదిని చూశారా? దుర్గ ఉంది, ఆవు ఉంది, తలమీద కొంగు ఉంది, కొడుకు శవం పక్కన నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డ తల్లి ఉంది. మా ఎంపీ అయిన ఆరు నెలలకే, 1980 జూన్ 23న ఆ దుఃఖం ఆమెకి వచ్చింది. ఎవరికైనా గుండె కరుగుతుంది. కాని తల్లి దుఃఖం పోస్టరెక్కింది, తల్లుల చట్టం ఎక్కలేదు. అమ్మ ముఖం ముందు అమ్మ పని ఓడిపోయింది.

ఆమె తర్వాత ఆ పేరు ఆస్తిలా చేతులు మారింది. 2006లో రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం ఇళ్లూ రోడ్లూ కలిపి ఒక పథకం పెట్టింది. దాని పొడుగాటి ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి చదివితే సరిగ్గా ‘ఇందిరమ్మ’ అని వస్తుంది! పేరు ముందు అనుకుని పథకం తర్వాత రాశారేమోనని నా అనుమానం. 2024 మార్చిలో భద్రాచలంలో మళ్లీ ‘ఇందిరమ్మ ఇళ్లు’ మొదలుపెట్టారు. ఇల్లు కట్టుకోవడానికి అయిదు లక్షలన్నారు. ఇల్లు మంచిదే. ఇంటిమీద పేరు గురించే నా చర్చ.

మా మెదక్‌కి 2009లో ఇంకో అమ్మ వచ్చింది. విజయశాంతిగారు. 1997లో వచ్చిన ‘ఒసేయ్ రాములమ్మా’ సినిమా తర్వాత ఆమె జనానికి రాములమ్మే. ఆమె పెట్టిన పార్టీ పేరు ‘తల్లి తెలంగాణ’. అది టి.ఆర్.ఎస్.లో కలిసిపోయింది, ఆమె మెదక్ ఎంపీ అయ్యారు. 2014లో పార్టీ మారి మెదక్ అసెంబ్లీకి నిలబడితే అదే జనం పద్మా దేవేందర్‌రెడ్డిగారిని గెలిపించారు. పేరులో అమ్మా, పార్టీలో తల్లీ రెండూ ఉన్నా జనం మర్యాదగా పిలిచి, మర్యాదగానే పంపారు.

ఇక సోనియాగాంధీగారు. 2023 ఎన్నికల ముందు పంపిన సందేశంలో, మీరు నన్ను సోనియమ్మ అని పిలిచి తల్లిలా చూశారని తెలంగాణ వాళ్లతో అన్నారు. 2024లో ఆమె పుట్టినరోజైన డిసెంబరు 9న సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహం పెట్టారు. పాత తల్లికి కిరీటం ఉండేది, చేతిలో బతుకమ్మ ఉండేది. కొత్త తల్లికి కిరీటం లేదు, ఆకుపచ్చ చీర, చేతిలో పంటలు. కిరీటం ఎందుకు తీశారని ఒకరు, బతుకమ్మ ఏదని ఒకరు. రెండు పక్షాల మగవాళ్లూ తల్లి చీర రంగు మీద నెలరోజులు పోట్లాడుకున్నారు.

ఈ పోట్లాట వింటూ నాకొక లెక్క గుర్తొచ్చింది. 2014 జూన్‌లో తెలంగాణ వచ్చినప్పటి నుంచి 2019 సెప్టెంబరు దాకా, అయిదేళ్లకు పైగా, రాష్ట్ర మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషి లేదు. ఊరూరా తెలంగాణ తల్లి విగ్రహం ఉంది. విగ్రహానికి కుర్చీ అక్కర్లేదు కదా! 2023లో పార్లమెంటు ఆడవాళ్లకి మూడో వంతు సీట్ల చట్టం చేసింది. దాని పేరు చూడండి, ‘నారీ శక్తి వందన్’. మొదట వందనం. సీట్లు మాత్రం జనాభా లెక్కలూ, నియోజకవర్గాల పునర్విభజనా అయ్యాకనన్నారు. నమస్కారం రొక్కం, కుర్చీ అరువు.

అమ్మ వేషం లేకుండా నెగ్గినవాళ్లు లేరా అని మీరడగవచ్చు. ఉన్నారు. ఈశ్వరీబాయిగారు 1967లోనూ, 1972లోనూ ఎల్లారెడ్డి నుంచి శాసనసభకి వెళ్లారు. దళిత స్త్రీ, రిపబ్లికన్ పార్టీ నాయకురాలు, 1969 తెలంగాణ ఉద్యమంలో ముందున్న మనిషి. ఆమె పేరు చెబితే అప్పటివాళ్లకి గుర్తొచ్చేది సభలో ఆమె వేసిన ప్రశ్నలూ, ఆమె గొంతూ. ఆమె నిజంగా తల్లే. ఆ కూతురు గీతారెడ్డిగారు డాక్టరై, మంత్రి అయి, మా జహీరాబాదు నుంచి రెండుసార్లు గెలిచారు. కానీ కూతుర్ని చంకనెత్తుకుని ఈశ్వరీబాయిగారు ఓట్లడిగిన ఫోటో నేనెక్కడా చూడలేదు. తల్లి కావడం ఆమె ఇంటి సంగతి, ప్రశ్న వెయ్యడం ఆమె ఉద్యోగం. అయితే ఇలాంటివారు ఎందరున్నారు? వేళ్లమీద లెక్కపెట్టాలి. 2023 ఎన్నికల్లో 119 స్థానాలకి గెలిచిన ఆడవాళ్లు పదిమంది. అందుకని అమ్మ వేషం వేసుకున్నవాళ్లని నేను తప్పుపట్టబోను. ముందు తలుపు మూసి ఉంచి, దొడ్డిదారిన ఎందుకొచ్చావంటే ఏం న్యాయం?

ఇంతకీ ఒక విడ్డూరం గమనించారా? రాజకీయాల అమ్మకి ఎప్పుడూ ఎదిగిన పిల్లలే ఉంటారు, లేకపోతే అసలుండరు. పొత్తిళ్లలో బిడ్డ ఉన్న అమ్మ పనికిరాదు. అసలైన మాతృత్వానికి నెలలు నిండుతాయి, నిద్ర ఉండదు, సెలవు కావాలి. అది పోస్టరుకి అడ్డం. పక్క దేశంలో బేనజీర్ భుట్టోగారు 1990 జనవరిలో ప్రధానమంత్రిగా ఉండగా బిడ్డని కన్నారు. ప్రపంచంలో అలా కన్న మొదటి ప్రధాని ఆవిడే. ఆ తర్వాత రెండో ఆవిడ కోసం 2018 దాకా ఆగవలసి వచ్చింది, న్యూజిలాండులో జసిండా ఆర్డెర్న్ కోసం. 2017లో ఆస్ట్రేలియా సెనేట్‌లో లారిసా వాటర్స్ అనే సభ్యురాలు బిడ్డకి పాలిస్తే ప్రపంచమంతా పేపర్లలో వేశారు. దేశానికి పాలిచ్చే ఆవు బొమ్మ వార్త కాదు, చంటిపిల్లకి పాలిచ్చే సభ్యురాలు వార్త!

అసలైన తల్లుల్ని చూడాలంటే దూరం పోనక్కర్లేదు. పాశమైలారం పారిశ్రామికవాడ దగ్గర పొద్దున్నే నిలబడండి. టిఫిన్ డబ్బా సంచులతో ఆటోల్లోంచి దిగుతూంటారు. మందులు ప్యాకింగు చేసేవాళ్లు, సీసాలు కడిగేవాళ్లు, ఊడ్చేవాళ్లు. ఒక కంపెనీలో ప్యాకింగు చేసే అమ్మాయి నాకు తెలుసు. కంపెనీ పేరెందుకు లెండి. మొన్న కనపడితే బాబు ఎలా ఉన్నాడని అడిగాను.

“ఊర్ల మా అమ్మ తాన ఉంటుండు అక్కా. నెలకొక్కసారి పోతున్న. మొన్న పోతె నన్ను చూసి ఎనక్కు దాక్కున్నడు,” అంది నవ్వుతూనే.

“కంపెనీలో పిల్లల గది లేదా?”

“మేం కంపెనీ వాళ్లం కాదట గద. కాంట్రాక్టరు మనుషులమట.”

చూశారా! చట్టంలో 30 అని 1976లో రాసినా, 26 వారాల సెలవని 2017లో రాసినా, లెక్కలో పేరు లేనివాళ్లకి అవేవీ అందలేదు. ఆ సెలవుకి ముందు 12 నెలల్లో 80 రోజులైనా పనిచేసినట్టు కాగితం చూపాలన్నారు. మూడు నెలలకోసారి కాంట్రాక్టరు మారితే కాగితం ఎవరిస్తారు? ఆ అమ్మాయి కొడుకుకి అమ్మంటే తెలియదు. దేశానికి మాత్రం బోలెడుమంది అమ్మలు.

దేశపు అమ్మలకి ఎదురుగా నేను పెట్టే తూనిక ఇదే. అమ్మ పేరు పెట్టుకుని వచ్చిన ఏ నాయకురాలినైనా, అమ్మ పేరు అరువు తెచ్చుకున్న ఏ నాయకుణ్నయినా, ఆ ఆటోలు దిగే చోటికి తీసుకురావాలి. మీ హయాంలో ఈ అమ్మాయి బిడ్డ ఎక్కడ పడుకున్నాడని అడగాలి. జవాబు ఉంటే అమ్మే అందాం, అభ్యంతరం లేదు. ఇందిరాగాంధీగారిని అడిగితే ఆమె దగ్గర ఒక జవాబు ఉంది, 1976 నాటి ఆ అంకె. దానితో పాటు చెప్పుకోవలసిన సంజాయిషీ కూడా ఉంది. అలా అడిగితేనే ఆమె అమ్మవారు కాకుండా, పొగడవలసినచోట పొగిడి నిలదియ్యవలసినచోట నిలదియ్యగల ఒక ప్రధానమంత్రిగా మిగులుతుంది. అంతకన్నా పెద్ద గౌరవం రాజకీయాల్లో ఆడమనిషికి ఏముంది?

పిలుపు మార్చనక్కర్లేదు. మన తెలుగులో కన్నతల్లినీ అమ్మా అంటాం, నడక నేర్చిన కూతుర్నీ అమ్మా అనే అంటాం. “అమ్మా, ఆ చెంబు ఇలా తెచ్చిపెట్టు” అని పని చెప్పేది కూతురికే. ఓటు చేతిలో ఉన్నవాళ్లం మనం కాబట్టి, ఈసారి వేదిక కింద నిలబడి “అమ్మా” అని పిలిచేటప్పుడు ఆ రెండో గొంతుతో పిలుద్దాం. పిలిచి, ఫ్యాక్టరీ గేటు లోపల ఒక గది, ఒక ఉయ్యాల, చూసుకోవడానికి జీతమిచ్చి పెట్టిన ఒక ఆయా, ఇవి చేసిపెట్టమని పని చెబుదాం.